ఫోన్ ఎక్కువ చూస్తున్నామా? మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలకు జవాబులు

నేను హైస్కూల్లో లెక్కలు చెబుతాను. పేరెంట్స్ మీటింగ్‌లో మార్కుల గురించి అడగడానికి వచ్చినవాళ్లు రెండు నిమిషాల్లో ఫోన్ దగ్గరికి వచ్చేస్తారు. "వాడి చేతిలోంచి ఫోన్ ఎలా తీయాలో చెప్పండి టీచర్ గారూ" అని మొదలుపెడతారు. వెళ్లేటప్పుడు గుమ్మం దగ్గర ఆగి, గొంతు తగ్గించి, "నాది కూడా తగ్గడం లేదండీ" అంటారు. ఐదారేళ్లుగా అవే సందేహాలు తిరిగి తిరిగి వస్తున్నాయి కాబట్టి జవాబులన్నీ ఒకచోట రాసిపెట్టాను. ఎవరికి ఏ ప్రశ్న కావాలో అది మాత్రమే చదువుకున్నా సరిపోతుంది.

## ఎక్కువైందేమో అని అనుమానం వచ్చినప్పుడు

రోజుకు ఎన్ని గంటలు దాటితే ఎక్కువ అనాలి?

పెద్దవాళ్లకు ఇన్ని గంటలే అని అందరూ ఒప్పుకున్న గీత ఏదీ లేదు. ఆ గంటలు దేన్ని పక్కకు తోసేశాయన్నదే నేను చూస్తాను. పడుకోవాల్సిన వేళ రెండు గంటలు రీల్స్ చూడటం వేరు, బస్సులో కూర్చుని రెండు గంటలు పాటలు వినడం వేరు. నిద్ర, తిండి, ఒళ్లు కదపడం, ఇంట్లోవాళ్లతో మాట. ఈ నాలుగింట్లో ఏదో ఒకటి కొన్ని వారాలుగా తగ్గిపోతూ, ఆ టైమంతా ఫోన్‌కే పోతోంటే ఎక్కువైనట్టే.

అయినా ఒకసారి లెక్క వేసుకోండి. రోజుకు 4 గంటలంటే ఏడాదికి 1,460 గంటలు. మనం మెలకువగా ఉండేది రోజుకు 16 గంటలనుకుంటే, అవి 91 రోజులు. మూడు నెలలు పొద్దున లేచింది మొదలు పడుకునేదాకా ఫోనే చూసినట్టు. తొమ్మిదో తరగతిలో ఈ లెక్క బోర్డు మీద వేస్తే క్లాసంతా నిశ్శబ్దమైపోయింది. కాసేపటికి వెనక బెంచీలో ఒక పాప లేచి, "టీచర్, మరి పదేళ్లకి?" అంది. తనే వేసింది. మెలకువగా ఉన్న రెండున్నరేళ్లు.

నేను అంతగా చూడనండీ. అసలు ఎంత చూస్తున్నానో ఎలా తెలుస్తుంది?

ఫోనే చెబుతుంది. ఆండ్రాయిడ్ అయితే సెట్టింగ్స్‌లో డిజిటల్ వెల్‌బీయింగ్, ఐఫోన్ అయితే స్క్రీన్ టైమ్. రెండూ 2018 నుంచి ఉన్నాయి. గంటల అంకె ఒక్కటే చూసి మూసేయకండి. రోజుకు ఎన్నిసార్లు అన్‌లాక్ చేశారో, ఏ యాప్‌లో ఎంతసేపు ఉన్నారో కూడా చూడండి. నేను మొదటిసారి చూసుకున్నది ఒక ఆదివారం రాత్రి. గంటా గంటన్నర ఉంటుందనుకున్నాను. 5 గంటల 12 నిమిషాలని ఉంది. 94 సార్లు తెరిచాను. వాటిలో ఏ ఒక్కటీ ఎందుకు తెరిచానో గుర్తు లేదు.

నా పనే ఫోన్లో. అదీ లెక్కలోకి వస్తుందా?

రాదు. డెలివరీ చేసే అబ్బాయికి, ఆశా వర్కర్‌కి, ఆర్డర్లు వాట్సాప్‌లో తీసుకునే టైలర్‌కి ఫోన్ పనిముట్టు. పని అయిపోయాక చేతిలో మిగిలిపోయిన టైమునే లెక్కపెట్టండి. ఒక కస్టమర్‌కు జవాబివ్వడానికి తెరిచి, ఇరవై నిమిషాల తర్వాత వేరే ఏదో చూస్తూ ఉంటే ఆ ఇరవై మాత్రం పని కాదు.

ఇది నిజంగా వ్యసనమేనా? జబ్బు అనొచ్చా?

ప్రపంచ ఆరోగ్య సంస్థ వాడే జబ్బుల జాబితా కొత్త కూర్పు, ఐసీడీ-11, 2022 జనవరి 1న అమల్లోకి వచ్చింది. అందులో గేమింగ్ డిజార్డర్ ఉంది. స్మార్ట్‌ఫోన్ వ్యసనం అనే పేరుతో విడిగా జబ్బు లేదు. గేమింగ్ విషయంలో కూడా అదుపు తప్పడం, మిగతా అన్నింటికన్నా ఆటే ముఖ్యమైపోవడం, నష్టం కళ్లముందు కనిపిస్తున్నా ఆపలేకపోవడం, మామూలుగా ఏడాదిపాటు ఇలాగే సాగడం ఉంటేనే జబ్బు అంటారు. కాబట్టి ఎక్కువ చూసే ప్రతి పిల్లవాడికీ "అడిక్ట్" అని పేరు పెట్టొద్దు. ఆ మాట ఒకసారి వాడి చెవిన పడితే, తను మారగలడన్న నమ్మకం వాడికే పోతుంది. చాలామందిది ముదిరిన అలవాటు. అలవాటైతే మార్చుకోవచ్చు.

ఒకప్పుడు నవలల గురించీ, టీవీ గురించీ ఇలాగే భయపెట్టారు. ఇదీ అంతేగా?

సబబైన అనుమానమే. 2019లో ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ పరిశోధకులు ఎమీ ఓర్బెన్, ఆండ్రూ ష్బిల్‌స్కీ లక్షల మంది టీనేజీ పిల్లల వివరాలు పరిశీలించారు. పిల్లల మానసిక క్షేమంలో కనిపించే తేడాల్లో డిజిటల్ వాడకంతో ముడిపడింది మహా అయితే 0.4 శాతమేనని తేల్చారు. అంటే ఫోన్ ముట్టుకున్న ప్రతివాళ్లూ పాడైపోతారన్న మాట నిలవదు.

కానీ సగటు దేన్ని దాస్తుందో రోజూ క్లాసులో చూసేదాన్ని. క్లాసు సగటు 60 అని సంతోషిస్తే 15 దగ్గర ఆగిపోయిన పిల్ల కనబడదు. ఇంకో తేడా కూడా ఉంది. నవలకు చివరి పేజీ ఉంది. టీవీకి ఇంట్లో ఒక చోటు ఉండేది. దూరదర్శన్ రోజుల్లో రాత్రి ప్రసారం ఆగిపోయేది, మనం లేచి పడుకునేవాళ్లం. ఫోన్‌కు చివరా లేదు, చోటూ లేదు. పక్కలోకి, బాత్‌రూమ్‌లోకి, అన్నం కంచం పక్కకి వస్తుంది. చివర మనం తేలేం. చోటు మాత్రం పెట్టగలం.

## ఎందుకు వదలడం లేదో అర్థం కానప్పుడు

ఒక్క నిమిషం చూద్దామని తీస్తే గంట ఎలా గడిచిపోతోంది?

ఆగాల్సిన చోట్లు తీసేశారు కాబట్టి. పూర్వం వెబ్ పేజీ అయిపోతే కింద "తర్వాతి పేజీ" అని ఉండేది. అక్కడ చేయి ఒక క్షణం ఆగేది, "ఇక చాల్లే" అనిపించేది. 2006లో ఏజా రాస్కిన్ అనే ఇంజనీర్ పేజీ అంతమే లేకుండా కిందకు జరుగుతూ పోయే పద్ధతి తయారుచేశాడు. దాని వల్ల జరిగినదానికి బాధపడుతున్నానని తర్వాత ఆయనే బహిరంగంగా చెప్పాడు. ఇప్పుడు రీల్స్, షార్ట్స్ అన్నీ ఆ దారిలోనే నడుస్తున్నాయి.

రెండో కారణం ఆశ. ప్రయోగశాలలో పావురం మీటను పొడిచిన ప్రతిసారీ గింజ పడితే, ఆకలేసినప్పుడే పొడుస్తుంది. ఎప్పుడు పడుతుందో తెలియకపోతే ఆగకుండా పొడుస్తూనే ఉంటుంది. పది వీడియోలు చప్పగా ఉండి పదకొండోది కడుపుబ్బ నవ్విస్తే, మన వేలు కూడా అలాగే కదులుతుంది. దీన్ని మనసు బలహీనత అనుకుని కుమిలిపోవద్దు. అవతల మనల్ని ఆపి ఉంచడమే ఉద్యోగంగా జీతాలు తీసుకునేవాళ్లు ఉన్నారు.

మన ఊళ్లలో ఇది ఎప్పటినుంచి ఇంత పెరిగింది?

2016 సెప్టెంబర్ 5న జియో మొదలయ్యాక డేటా ధర ఒక్కసారిగా పడిపోయింది. అంతకుముందు ఒక జీబీని నెలంతా పొదుపుగా వాడుకున్నవాళ్లం, అంతకన్నా ఎక్కువ ఒక్క రోజులో వాడటం మొదలుపెట్టాం. 2020 మార్చిలో బడులు మూతపడ్డాయి. పాఠాలు ఫోన్‌లోకి వచ్చాయి, అప్పుచేసి అయినా పిల్లలకు ఫోన్లు కొన్నారు. ఆ ఏడాది జూన్ చివర టిక్‌టాక్‌ను నిషేధించారు. జులైలో ఇన్‌స్టాగ్రామ్ రీల్స్, సెప్టెంబర్‌లో యూట్యూబ్ షార్ట్స్ మన దేశంలోకి వచ్చాయి. బడులు తెరుచుకున్నాక పాఠాలు బోర్డు మీదికి తిరిగి వచ్చాయి, ఫోన్ మాత్రం పిల్లల చేతిలోనే ఉండిపోయింది.

మెడనొప్పి, కళ్ల మంట ఫోన్ వల్లేనా?

చాలావరకు కావచ్చు. మన తల బరువు సుమారు 5 కిలోలు. తల బాగా వంచి, అంటే 60 డిగ్రీల దాకా, ఫోన్ చూస్తే మెడ మీద దాదాపు 27 కిలోల భారం పడుతుందని న్యూయార్క్ వెన్నెముక సర్జన్ కెన్నెత్ హన్స్‌రాజ్ 2014లో లెక్కగట్టారు. అది ఓ బియ్యం బస్తా బరువు. ఫోన్‌ను కళ్ల ఎత్తుకు లేపండి, మోచేతి కింద దిండు పెట్టుకోండి.

తదేకంగా చూసేటప్పుడు రెప్పలు వేయడం తగ్గిపోతుంది, కళ్లు పొడిబారి మండుతాయి. 20 నిమిషాలకొకసారి 20 అడుగుల దూరంలో ఉన్నదాన్ని 20 సెకన్లు చూడమంటారు కంటి డాక్టర్లు. ఎదురింటి కొబ్బరిచెట్టు చాలు. వారం పది రోజుల్లో తగ్గకపోతే చూపించుకోండి.

బండి నడుపుతూ ఒక్క కాల్ ఎత్తితే ఏమవుతుంది?

ప్రాణం పోవచ్చు. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం చేత్తో ఫోన్ పట్టుకుని వాడుతూ బండి నడపడం ప్రమాదకరంగా నడపడం కిందికే వస్తుంది, జరిమానాతో పాటు జైలు కూడా ఉంది. బండి స్టార్ట్ చేసే ముందే ఫోన్ సీటు కింద డిక్కీలో పెట్టేయండి.

## తగ్గించడం మొదలుపెట్టినప్పుడు

ఎక్కడ మొదలుపెట్టాలి?

రాత్రి ఫోన్ పడుకునే చోటు మార్చండి. ఒక్క పనే చేయగలిగితే ఇదే చేయమంటాను. రాత్రిపూట తెర వెలుగు నిద్ర తెచ్చే మెలటోనిన్‌ను తగ్గిస్తుంది. దానికి తోడు చూసే విషయం మనసును లేపి ఉంచుతుంది. ఆఫీసు మెసేజ్ ఒకటి చూస్తే టెన్షన్, ఆపై నిద్రెక్కడ?

మా పడకగదిలో స్విచ్ బోర్డు మంచానికి జానెడు దూరంలో ఉంటుంది. చార్జర్ ఎప్పుడూ అక్కడే వేలాడుతూ ఉండేది. దాన్ని తీసి హాల్లో టీవీ వెనక ప్లగ్‌లో పెట్టి, కింద ఒక స్టూలు వేశాం. పదింటికి ఇంట్లో ఉన్న మూడు ఫోన్లూ ఆ స్టూలు మీదికి చేరాలి. అలారం పేరుతో ఫోన్ మళ్లీ గదిలోకి రాకుండా ఒక చిన్న గడియారం కొన్నాం. మొదటి వారం మావారు రాత్రి రెండేసి సార్లు లేచి హాల్లోకి వెళ్లివచ్చేవారు. నాకైతే దిండు కిందికి చేయి దానంతటదే పోయేది. పన్నెండో రోజో పదమూడో రోజో, తెల్లవారాక కాఫీ తాగేదాకా ఫోన్ గుర్తే రాలేదు. అర్ధరాత్రి ఏదైనా అవసరమైతే రింగు హాల్లోంచి వినబడుతుంది, భయం లేదు.

టైమ్ లిమిట్ పెట్టుకున్నా పనిచేయట్లేదు. ఏం చేయాలి?

లిమిట్ అయిపోయిందని తెర మీద వస్తుంది, ఒక్కసారి నొక్కితే పోతుంది. రోజుకు పదిసార్లు మనతో మనమే పోట్లాడి గెలవడం కష్టం. అందుకే నిమిషాల నియమం కన్నా చోటు నియమం నిలబడుతుంది. అన్నం తినేటప్పుడు ఫోన్ ఫ్రిజ్ మీద. పూజగదిలోకి, బాత్‌రూమ్‌లోకి తేకూడదు. చోటుతో వాదన ఉండదు. "ఇంకో ఐదు నిమిషాలు" అని బేరమాడటానికి వీల్లేదు. దీంతోపాటు ఎక్కువసేపు లాగే యాప్‌ను తీసేసి, కావాలంటే బ్రౌజర్‌లో తెరుచుకోండి. తెరవడం కొంచెం కష్టమైతే చాలు, సగం సార్లు తెరవం.

వాట్సాప్ గ్రూపుల్లోంచి వెళ్లిపోతే చుట్టాలు నొచ్చుకుంటారు. మరెలా?

వెళ్లిపోనక్కర్లేదు. గ్రూపును మ్యూట్ చేసి, ఆర్కైవ్‌లో పెట్టేయండి. అవతలివాళ్లకు తెలియదు. రోజుకు ఒకసారి, సాయంత్రం టీ తాగాక, అన్నీ కలిపి చూడండి. పెళ్లి కబురైనా చావు కబురైనా ఎవరో ఒకరు ఫోన్ చేసే చెబుతారు.

ఫోన్ పక్కన పెడితే ఏం తోచట్లేదు, చిరాకొస్తోంది. ఇది మామూలేనా?

మామూలే. ఆ చిరాకు మొదటి వారమే ఎక్కువ. ఆ ఖాళీలోకి పెద్ద పనులేవీ తేవద్దు. రోజుకు యాభై పేజీలు చదువుతానని ఒట్టు పెట్టుకుంటే మూడో రోజుకే ఆగిపోతుంది. చేతులకు పని చెప్పండి. కూర తరగడం, బట్టలు మడతపెట్టడం, మొక్కలకు నీళ్లు పోయడం. ఫోన్ కోరేది వేళ్లే కాబట్టి ముందు వేళ్లు ఊరుకోవాలి.

స్మార్ట్‌ఫోన్ తీసేసి కీప్యాడ్ ఫోన్ కొనుక్కుంటే?

చదువుకునే పిల్లలకు బాగా పనిచేస్తుంది. ఉద్యోగం చేసేవాళ్లకు కష్టం. యూపీఐ, టికెట్లు, ఆఫీసు మెసేజ్‌లు చాలావరకు స్మార్ట్‌ఫోన్ మీదే నడుస్తున్నాయి. నాలుగు రోజుల్లో విసుగొచ్చి పాతదే తీస్తారు.

## ఇంట్లో పిల్లలుంటే

ఫోన్ చూపిస్తే తప్ప మా బాబు అన్నం తినట్లేదు. మానిపిస్తే చిక్కిపోతాడేమో?

మా అక్క కూతురి ఇంట్లో దగ్గరుండి చూశాను. రెండున్నరేళ్ల బాబు. గిన్నెలో నెయ్యి కలిపిన పప్పన్నం. ఫోన్‌ను నీళ్ల చెంబుకు ఆనించి పెట్టింది. వాడు నోరు తెరుస్తున్నాడు, మూస్తున్నాడు, ఒక్కసారి కూడా గిన్నె వైపు చూడలేదు. మధ్యలో ఏదో యాడ్ వచ్చింది. నమలడం ఆగిపోయింది. ముద్ద బుగ్గలో అలాగే ఉంది. యాడ్ అయ్యాక దవడ మళ్లీ కదిలింది. తను ఏం తింటున్నాడో, కడుపు నిండిందో లేదో వాడికి తెలియడం లేదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పినదాని ప్రకారం రెండేళ్ల లోపు పిల్లలకు స్క్రీన్ వద్దే వద్దు. రెండు నుంచి నాలుగేళ్ల వాళ్లకు రోజుకు గంట మించకూడదు, ఎంత తక్కువైతే అంత మంచిది. మన దేశంలో పిల్లల డాక్టర్ల సంఘం ఐఏపీ సలహా కూడా ఇంచుమించు ఇదే.

మానిపించడం ఇలా జరిగింది. ఫోన్ గదిలో పెట్టి, బాబును కింద కూర్చోబెట్టి, వాడి కంచంలో వాడికే కొంచెం అన్నం వేసింది. మొదటి రోజు ఏడ్చి, విసిరి, నాలుగు మెతుకులు తిన్నాడు. రెండో రోజూ అంతే. అమ్మమ్మ పక్కన కూర్చుని కాకి ముద్ద, పిచ్చుక ముద్ద అంటూ చిన్న చిన్న ముద్దలు వరసగా పెట్టింది. నాలుగో రోజుకు వాడే చేత్తో తీసుకున్నాడు. చొక్కా అంతా పప్పు. తిన్నది మునుపటికన్నా తక్కువే, కానీ మళ్లీ ఆకలేసి అడిగాడు. ఆరోగ్యంగా ఉన్న పిల్లవాడు రెండు మూడు పూటలు తక్కువ తిన్నా ఏమీ కాదు. బరువు నిజంగానే తగ్గుతుంటే పిల్లల డాక్టర్‌ను అడగండి.

హోంవర్క్ వాట్సాప్‌లోనే వస్తుంది. ఫోన్ ఇవ్వకుండా ఎలా?

ఇందులో మా టీచర్ల తప్పు ఉంది, ఒప్పుకుంటాను. నేనిప్పుడు హోంవర్క్ బోర్డు మీద రాసి డైరీలో రాయిస్తున్నాను. మీ బడిలో అలా లేకపోతే నలుగురు తల్లిదండ్రులు కలిసి క్లాస్ టీచర్‌ను అడగండి, ఒక్కరు అడిగితే పని కాదు. అప్పటిదాకా మెసేజ్ మీరు తెరిచి, పిల్లలతో కాగితం మీద రాయించి, ఫోన్ తీసేసుకోండి.

పదో తరగతి అబ్బాయి దగ్గర ఫోన్ లాక్కుంటే మీదికొస్తున్నాడు. ఏం చేయాలి?

రాత్రిపూట, కోపంలో, చేతిలోంచి లాక్కోవద్దు. ఆ క్షణంలో ఏ మాటా ఎక్కదు. మర్నాడు తిన్నాక, మనసు కుదుటపడ్డాక కూర్చోండి. అందులో ఏం చేస్తాడో నిజంగా తెలుసుకోవడానికి అడగండి. ఆటా, స్నేహితుల గ్రూపా, ఒంటరితనమా? ఒక్కోదానికి దారి వేరు.

నియమం పెడితే అందరికీ పెట్టండి. ఒక తండ్రి మా మీటింగ్‌లో కొడుకు మీద ఫిర్యాదు చేస్తుంటే ఆ అబ్బాయి తల వంచుకునే, "నాన్న కూడా పెడితే నేనూ పెడతా మేడమ్" అన్నాడు. ఆయన కాసేపు మాట్లాడలేదు. "సరేరా" అన్నారు. తొమ్మిది దాటాక ఇద్దరి ఫోన్లూ వాళ్లమ్మ బీరువాలో పెడుతున్నారు. ఆ అబ్బాయి మార్కులు అమాంతం పెరగలేదు. పొద్దున మొదటి పీరియడ్‌లో నిద్రపోవడం మాత్రం మానేశాడు.

ఫోన్ ఇవ్వకపోతే ఏమైనా చేసుకుంటానని పిల్లలు అంటే బెదిరింపని కొట్టిపారేయకండి. వాళ్లను ఒంటరిగా వదలకుండా, వెంటనే ప్రభుత్వ మానసిక సహాయ నంబర్ 14416కు ఫోన్ చేయండి.

ఆటల్లో డబ్బు కూడా పోతోందని తెలిసింది. ఇప్పుడెలా?

ముందు తిట్టకుండా మొత్తం ఎంతో తెలుసుకోండి. తిడితే సగమే చెబుతారు, మిగతా సగానికి అప్పు చేస్తారు. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి. 2025 ఆగస్టులో కేంద్రమూ చట్టం చేసింది. కాబట్టి అలాంటి యాప్ ఏదైనా ఫోన్‌లో ఉంటే వెంటనే తీసేయండి. మోసపోయారనిపిస్తే సైబర్ మోసాల ఫిర్యాదు నంబర్ 1930కి ఫోన్ చేయండి, ఎంత త్వరగా చేస్తే డబ్బు ఆపడానికి అంత వీలు.

ఇదంతా ఇంటికొకరు చేసే బదులు చట్టం పెట్టొచ్చు కదా?

కొన్ని దేశాలు పెట్టాయి. ఫ్రాన్స్ 2018లో బడుల్లో ఫోన్ వాడకం నిషేధించింది. ఆస్ట్రేలియాలో 2025 డిసెంబర్ 10 నుంచి 16 ఏళ్ల లోపు వాళ్లు పెద్ద సోషల్ మీడియా వేదికల్లో ఖాతా పెట్టుకోకూడదు. నాకు మాత్రం మహారాష్ట్ర సాంగ్లీ జిల్లాలోని మోహిత్యాంచే వడ్‌గావ్ పద్ధతి నచ్చింది. 2022లో ఆ ఊరివాళ్లు సాయంత్రం ఏడింటికి గుడి మీద సైరన్ పెట్టారు. అది మోగితే టీవీలు, ఫోన్లు ఆపేయాలి. ఎనిమిదిన్నరకు మళ్లీ మోగుతుంది. గంటన్నర పిల్లలు చదువుకుంటారు, పెద్దలు మాట్లాడుకుంటారు. ఊరంతా ఒకేసారి ఆపితే "నా ఫ్రెండ్స్ అందరూ చూస్తున్నారు" అనే మాటకు చోటుండదు. మన పంచాయతీలో ఒక్క వీధి అయినా ఇలా చేస్తే చూడాలని నా కోరిక.

## పెద్దవాళ్ల విషయంలో

మా అమ్మానాన్నలే రోజంతా వీడియోలు చూస్తున్నారు. ఎలా చెప్పాలి?

చెప్పే ముందు వాళ్ల రోజు ఎలా గడుస్తోందో చూడండి. ఇంట్లో ఇద్దరే, మోకాళ్ల నొప్పులు, పలకరించే మనిషి లేడు. ఆ ఇంట్లో ఫోన్ మాట్లాడుతోంది. "ఎప్పుడూ అదేనా" అని విసుక్కుంటే దాచుకుని చూస్తారు. సాయంత్రం గుడికో, పార్కుకో తీసుకెళ్లే తోడు చూడండి. ఒక్క సంగతి మాత్రం గట్టిగా చెప్పండి. పోలీసులమని వీడియో కాల్ చేసి "డిజిటల్ అరెస్ట్" అంటే అది మోసం. మన చట్టంలో అలాంటి అరెస్ట్ లేదు.

మనవడు అమెరికాలో ఉన్నాడు. వీడియో కాల్ కూడా తగ్గించాలా?

అక్కర్లేదు. అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం కూడా పసిపిల్లలకు స్క్రీన్ వద్దంటూనే వీడియో కాల్‌ను మినహాయించింది. వేసవిలో డల్లాస్‌లో రాత్రి తొమ్మిదైతే మనకు ఉదయం ఏడున్నర. ఆ వేళకు ఫోన్ డబ్బాకు ఆనించి, చిక్కుడుకాయలు ఒలుచుకుంటూ మాట్లాడండి. వాడు అటు బొమ్మ గీసుకుంటాడు. తెరలోకే చూస్తూ "ఇంకేంటి, ఇంకేంటి" అనే కాల్ కన్నా ఇది ఎక్కువసేపు సాగుతుంది.

## చేయి దాటినట్టు అనిపించినప్పుడు

డాక్టర్ దగ్గరికి ఎప్పుడు వెళ్లాలి?

బడి లేదా ఉద్యోగం మానేయడం, రాత్రుళ్లు అసలు నిద్రలేకపోవడం, ఫోన్ కోసం అప్పులు, దొంగతనం, కొట్టడం, చచ్చిపోతాననడం. వీటిలో ఒక్కటి కనబడినా ఆగొద్దు. ఫోన్‌లోనే మానసిక సహాయం అందించే టెలి మానస్ 14416 ప్రభుత్వానిది, ఉచితం, ఎప్పుడైనా చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు. బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్‌లో ఈ సమస్యకే 2014లో షట్ క్లినిక్ మొదలుపెట్టారు. దగ్గర్లోని ప్రభుత్వ ఆసుపత్రి మానసిక వైద్య విభాగానికి వెళ్లినా సరే. చాలాసార్లు ఫోన్ వెనక దిగులో, పరీక్షల భయమో ఉంటుంది. దానికి వైద్యం చేస్తే ఫోన్ దానంతటదే తగ్గుతుంది.

నెలరోజులు బాగానే ఉన్నాం, మళ్లీ మొదటికొచ్చింది. ఇక కాదేమో?

అవుతుంది. పండగలు, జ్వరాలు, ప్రయాణాలు వచ్చినప్పుడు నియమం సడలుతుంది. సంక్రాంతికి మా ఇంటి నిండా చుట్టాలు. హాల్లో పరుపులు వేశాం, స్టూలు మీద పిండివంటల డబ్బాలు చేరాయి. చార్జర్ మళ్లీ మంచం పక్కకు వచ్చేసింది, నేను మళ్లీ ఒంటిగంట దాకా చూస్తూ పడుకున్నాను. ముక్కనుమ మర్నాడు చుట్టాలను బస్సెక్కించి వచ్చి, డబ్బాలు వంటింట్లో సర్ది, స్టూలు తుడిచి టీవీ వెనక వేశాను. మావారు చార్జర్ తెచ్చి పెట్టారు.